వెలిసిన ఫోల్డరు

కంప్యూటరు తనంతట తానే మారిపోయిన రోజు పొద్దున వదిన ఎప్పటిలాగే షాపు తలుపు తీసి, లైట్లు వేసి, కుట్టు మిషను మీది గుడ్డ దులిపి, లోపలి గదిలోకి వెళ్ళి కంప్యూటరు మీట నొక్కింది. రోజూ వచ్చే తెర రాలేదు. నీలం రంగు మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ, కొత్త మార్పులు చేస్తున్నాం, దయచేసి ఆపవద్దు అన్న అక్షరాలు వచ్చాయి.

"నిన్నెవరు మారమన్నారే?" అంది వదిన దానితో. అది పలకలేదు. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి.

అది చొక్కా జేబుల మీద, కోట్ల మీద, టోపీల మీద గుర్తులు కుట్టే ఎంబ్రాయిడరీ షాపు. కుట్టేది మిషనే గానీ, సూది ఎక్కడ దిగాలో, ఏ రంగు దారం ఎప్పుడు ఆగాలో దానికి చెప్పే డిజైను మాత్రం ఒక మనిషి కంప్యూటరు ముందు నడుం పడిపోయేలా కూర్చుని గీయాలి. ఆ మనిషి చిట్టి, వదినకి ఆడపడుచు. చిట్టి అని పేరే గానీ నలభై దాటింది. ఇక వదిన అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. పొద్దస్తమానం చిట్టి "వదినా, వదినా" అంటుంటే విని పార్సిళ్ళు తెచ్చే అతనితో సహా అందరూ అదే పేరు ఖాయం చేసేశారు.

కిందటి వారమే చిట్టి మానేసి, ఊరి చివర యూనిఫాంల ఫ్యాక్టరీలో డిజైనరుగా చేరింది. ఎనిమిదింటికి వెళ్ళి అయిదింటికి వచ్చే ఉద్యోగం. వదిన అడ్డు చెప్పలేదు. "మంచిదే, వెళ్ళు" అంది. ఆ మాట అని మొహం మాత్రం రెండ్రోజులు ఎవరికీ చూపించలేదు.

చిట్టి ఉన్నన్నాళ్ళూ, సాయంత్రం ఆమె గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే వదిన లోపల్నించే "జాగ్రత్తే!" అని కేక వేసేది. "మూడు వీధులే వదినా, నడిచేది అడవిలో కాదు" అని చిట్టి నవ్వుతూ మెట్లు దిగేది. ఈ వారమంతా ఆ వేళకి వదిన నోరు ఊరికే తెరుచుకుని మూసుకుంటోంది.

చుక్కలు ఆగి తెర వచ్చేసరికి వదినకి తన ఇంట్లోకి తను కాక ఇంకెవరో కాపురం వచ్చినట్టనిపించింది. ఫోల్డర్లు ఒక్కొక్కటీ ఇంత లావున ఉబ్బిపోయాయి. పేర్ల వరసలో ఉండాల్సినవి నిన్నవి, మొన్నవి, ఎప్పుడోవి అంటూ గుంపులు కట్టాయి. డిజైన్ల బొమ్మలు కనపడాల్సిన చోట తెల్ల కాగితాల్లాంటి గుర్తులు తప్ప ఏమీ లేవు. వాటన్నిటి మధ్యా ఆమె కళ్ళు ఒక్కదాని కోసం వెతికాయి. వెలిసిన ఫోల్డరు.

ఆ పేరు వదినే పెట్టింది. మిగతా ఫోల్డర్లన్నీ పసుపు ముద్దల్లా మెరుస్తుంటే అదొక్కటీ వందసార్లు ఉతికి ఆరేసిన గుడ్డలా పాలిపోయి ఉండేది. ఎందుకలా ఉందని ఆమె పట్టించుకోలేదు. గుడ్డల పనిలో ఉన్నవాళ్ళకి రంగు వెలవడం వింతేం కాదు. చిట్టి గీసిన డిజైన్లన్నీ అందులోనే ఉండేవి. వారాంతానికి ఇవ్వాల్సిన నర్సుల కోట్ల జేబుల మీద కుట్టాల్సిన, నోట రెమ్మ పట్టిన పావురమూ అందులోనే ఉంది. ఆ కోట్లు మూటలు మూటలుగా గోడవారన పడి ఉన్నాయి.

వెలిసిన ఫోల్డరు లేదు.

వదిన మౌసు పట్టుకుంది. కిందికి జరిపింది, పైకి జరిపింది, మూసి తెరిచింది. లేదు. భర్తని కేకేసింది. కోట్ల మీద దారపు కొసలు కత్తిరించడం, ఇస్త్రీ చేయడం, మడత పెట్టడం ఆయన పని. ఆయన కత్తెర చేత్తో పట్టుకునే వచ్చి తెర వంక చూసి, "నాకేం తెలుస్తుంది? రీస్టార్టుని పిలు" అన్నాడు.

రీస్టార్టు అంటే కంప్యూటర్లు బాగుచేసే అతను. ఇల్లు కాలిపోతోందని ఫోను చేసినా ముందు "రీస్టార్ట్ చేశారా?" అనే అడుగుతాడని వీధిలోవాళ్ళు ఆ పేరు పెట్టారు. అతను వచ్చి కుర్చీలో కూర్చోబోతే వదిన "ఆ దిండు తీసి కూర్చో బాబూ" అంది. అది చిట్టి నడుముకి ఆన్చుకునే దిండు.

"అప్‌డేట్ అయిందక్కా. ఇల్లు కడిగాక సామాను అటూ ఇటూ అయినట్టే, కంగారేం లేదు" అంటూ అతను మొదలుపెట్టాడు. ఉబ్బిన ఫోల్డర్లని చిన్నవి చేశాడు. గుంపులు విడగొట్టి పేర్ల వరసకి తెచ్చాడు. తెల్ల కాగితాల చోట బొమ్మలు రప్పించాడు. ఒక్కొక్కటి సరి చేసినప్పుడల్లా "చూశారా!" అన్నట్టు వెనక్కి తిరిగేవాడు. వదిన ప్రతిసారీ అదే పాట: "అవన్నీ సరే, నా ఫోల్డరేదీ?"

వెతికే గడిలో పావురం అని కొట్టి చూశాడు. ఏమీ దొరకలేదని వచ్చింది. చెత్తబుట్ట తెరిచాడు. శుభ్రంగా తుడిచినట్టు ఉంది. గడ్డం గోక్కున్నాడు.

"ఉంటే కనపడాలక్కా. కనపడట్లేదంటే లేనట్టే. అయినా దానంతటదెలా పోతుంది? ఎవరో ఒకరు తీస్తేనే పోవాలి."

అతను ఎవరినీ ఉద్దేశించి అనలేదు. వైర్లు సర్దుకుంటూ నోటికొచ్చిన మాట అనేసి తన దారిన తను పోయాడు. ఆ మాట మాత్రం కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంది.

వదిన దిండు వంక చూసింది. తీస్తే పోవాలి. ఎవరు తీస్తారు? ఈ గదిలో కూర్చునేది ఎవరు? వారం కింద వెళ్ళిపోయింది ఎవరు? ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆమె కోపం ఫైళ్ళు పోయినందుకు కాదు, మనిషి పోయినందుకు. ఆ కోపానికి ఇన్నాళ్ళూ నిలబడ్డానికి చోటు లేక లోపల్లోపలే తిరుగుతోంది. ఇప్పుడు చోటు దొరికింది.

ఫోను తీసింది. "చిట్టీ, ఫైళ్ళు ఎక్కడ పెట్టావ్?"

"ఏ ఫైళ్ళు వదినా?" అవతల మిషన్ల మోత.

"ఏ ఫైళ్ళని నన్నే అడుగుతున్నావా! నీ డిజైన్లన్నీ పట్టుకెళ్ళావు కదా. నువ్వు గీసినంత మాత్రాన నీవైపోవు. అవి షాపువి."

"నేనేం తీసుకెళ్ళలేదు" అంది చిట్టి చాలా మెల్లగా. ఆ తర్వాత ఫోను పెట్టేసింది.

తప్పు లేకపోతే ఎందుకు పెట్టేస్తుంది? వదిన మొహం జేవురించింది. భర్త గుమ్మంలో నిలబడి "అది అలాంటిది కాదు" అని గొణిగాడు. "మీ చెల్లెలు కదా, మీకు అలాగే ఉంటుంది!" అని కసిరింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. ఫ్యాక్టరీ మేనేజరు ఒకప్పుడు ఈ షాపులో టోపీలు కుట్టించుకున్న మనిషే, నంబరు ఉంది. అతనికి ఫోను చేసి, గొంతు తేనెలో ముంచి చెప్పింది.

"మా అమ్మాయి మీ దగ్గర చేరింది కదండీ. మంచి పనిమంతురాలు. కాకపోతే మీ డిజైన్లు కాస్త జాగ్రత్త."

తిట్టలేదు. దొంగ అనలేదు. జాగ్రత్త అంది, అంతే.

కోట్ల గడువు ఆగదు కదా. వదిన ఇంకో డిజైనరుకి పావురం ఫొటో పంపి గీయించింది. మూడు రోజులకి వచ్చిన ఫైలుని పెన్ డ్రైవులో వేసి మిషనుకి పెట్టి, పాత గుడ్డ ముక్కని ఫ్రేములో బిగించి, వెనక కాగితం వేసి, మీట నొక్కింది. మిషను టకటకా కొట్టుకుంటూ పోయింది. రెక్క దగ్గర దారం తెగి ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ తెగింది. ఎలాగో పూర్తయ్యాక భర్త ఆ ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు.

"గుడ్లు పెడుతుందేమో" అన్నాడు.

నిజమే, పావురం కాస్తా కోడిపెట్ట అయి కూర్చుంది. ఇంకో రోజైతే ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆయన నవ్వలేదు. ముక్కని బల్ల మీద పెట్టి తన ఇస్త్రీ దగ్గరికి వెళ్ళిపోయాడు. అయినా గడువు తొందరలో వదిన దాన్నే రెండు మూడు కోట్ల మీద కుట్టించి, అవీ కోడిపెట్టలే అయ్యేసరికి, ముందేసుకుని బ్లేడుతో వెనకవైపు కుట్లు కోస్తూ, ముందువైపు దారాలు లాగుతూ కూర్చుంది. కుట్లు పోయిన చోట సూది చిల్లులు పావురం ఆకారంలోనే మిగిలాయి. గోటితో గీకింది. ఆవిరి పట్టింది. కొన్ని పూడాయి, కొన్ని పూడలేదు.

చిట్టి గీసిన పావురానికి కన్ను ఉండేది. అదేమంత పెద్ద పని కాదు, మూడు నాలుగు కుట్లు. కానీ వాటిని ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా వేసి, చివరి కుట్టు కాస్త వదులుగా వదిలేది. అందుకే ఆ కన్ను మన వంకే చూసేది. ఈ కొత్తదానికి నల్ల చుక్క ఉందంతే.

మర్నాడు పొద్దున, ఆ కోడిపెట్టనే ఏదో ఒకటి చేద్దామని కంప్యూటరు ముందు కూర్చున్న వదినకి తెర మీద ఎర్రగీత కనపడింది. డిస్కు నిండిపోతే వచ్చే గీత అది. చిట్టి దాన్ని చూపించి ఎన్నిసార్లు సణిగిందో: "వదినా, ఇక పట్టదు, కొత్త డిస్కు కొను. ఫొటోలూ స్కాన్లూ అన్నీ నా ఫోల్డర్లోనే కుక్కుతున్నాం." వదిన రేపు, ఎల్లుండి అంటూ దాటవేసేది.

ఎర్రగీత ఇప్పటికీ నిండుగానే ఉంది.

మౌసు మీద చెయ్యి ఆగిపోయింది. బీరువాలో చీరలు పోతే బీరువా ఖాళీ అవ్వాలి కదా? ఖాళీ కాలేదు. అంటే పోలేదు. పోలేదంటే...

ఫోను చేస్తే అవతల్నించి "రీస్టార్ట్ చేశా..." అని మొదలైంది.

"నీ రీస్టార్టు తగలెయ్య! ముందు నువ్వు రా!"

అతను వచ్చాడు. గీత చూశాడు. ఈసారి ఏమీ మాట్లాడకుండా పైన మెనూలోకి వెళ్ళి ఏదో తెరిచి, ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాడు. పసుపు ఫోల్డర్ల మధ్య, ఎప్పుడూ ఉండే చోటే, అది కనపడింది. పాలిపోయి, పల్చగా, అలాగే.

"వెలిసిందక్కా! దేవుడు వెలిసినట్టు వెలిసింది!" అతను సంబరపడిపోయాడు.

వదిన కుర్చీ పట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. దీన్ని దాచమని ఎవరో ఎప్పుడో పెట్టారు. దాచినవి కూడా చూపించమని ఈ కంప్యూటర్లో ఇంకో టిక్కు ఉండేది, అందుకే మీకు వెలిసినట్టు కనపడేది. దాచినవి అలాగే పాలిపోయి కనపడతాయి. అప్‌డేట్ వచ్చి ఆ టిక్కు ఎత్తేసింది. ఆ రోజు నాకు తట్టలేదక్కా." వైర్లు సర్దుకుంటూ అడిగాడు. "ఎవరు దాచమన్నారో మరి?"

ఎవరు దాచమన్నారో వదినకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఒకప్పుడు ఇవే ఫోల్డర్లు కనపడే బయటి కౌంటరు కంప్యూటర్లోంచి ఎవడో వీళ్ళ డిజైను కాజేసి పక్క వీధిలో కుట్టి అమ్మాడు. అప్పుడు చిట్టి భుజం మీద చెయ్యి వేసి చెప్పింది తనే: "ఇది బయట ఎవడికీ కనపడకూడదే. లోపల మనిద్దరికే కనపడాలి." మనిద్దరికే అంది. చిట్టి అలాగే చేసింది.

రీస్టార్టు వెళ్ళిపోయాక కూడా ఆమె లేవలేదు. తల కొట్టేసినట్టయింది. భర్త వచ్చి తెర చూసి, అర్థమై, కత్తెర బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు నువ్వు ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తుంటే నేను పక్కనే ఉన్నా" అన్నాడు. "లాక్కోవచ్చు. లాక్కోలేదు."

"నేను ఫ్యాక్టరీకి వెళ్ళొస్తానండీ. దాని కాళ్ళయినా పట్టుకుంటా."

"ఫ్యాక్టరీలో లేదు. ఇంట్లో ఉంది."

"ఈ వేళప్పుడు ఇంట్లోనా?"

ఆయన కోటు మడత పెట్టడం మొదలుపెట్టాడు. మడత కుదరక మళ్ళీ విప్పాడు.

చిట్టి ఉండేది మేడ మీద ఒంటి గది. తలుపు తీసే ఉంది. మంచం మీద బట్టలు దొంతరలుగా ఉన్నాయి, కింద పెద్ద సంచీ నోరు తెరుచుకుని ఉంది. వదినని చూసి చిట్టి ఉలిక్కిపడలేదు, కుర్చీ జరిపింది. వదిన కూర్చోలేదు.

"ఫోల్డరు కనపడింది" అంది గుమ్మంలోనే.

"దాచినవి చూపించే టిక్కు పోయిందా?" అంది చిట్టి, చీర మడత పెడుతూనే.

వదిన గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "నీకు తెలుసా?"

"నీ ఫోను వచ్చినప్పుడే అనుకున్నా. ఫ్యాక్టరీలో కంప్యూటర్లకీ దానికి ముందు రోజే అప్‌డేట్ వచ్చింది. అక్కడా ఇదే గోల."

"మరి చెప్పొచ్చు కదే! ఒక్క ముక్క చెప్తే పోయేదిగా!"

"నువ్వడగలేదు వదినా."

"అడక్కపోవడమేంటి? అడిగాను కదా, ఎక్కడు..." వదిన ఆగిపోయింది.

"ఎక్కడున్నాయే అని అడిగుంటే చెప్పేదాన్ని. ఎక్కడ పెట్టావ్ అన్నావు. దానికి ఏం చెప్పను?"

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అవడం లేదు. ఇద్దరూ అదే వింటూ నిలబడ్డారు. చిట్టే మళ్ళీ అంది: "నాదీ పంతమే. తిరిగి ఫోను చేసి చెప్పేస్తే నువ్వు మేనేజరుకి ఆ రెండో ఫోను చేసేదానివి కాదేమో. అది చాలాసార్లు అనుకున్నా."

వదిన మంచం అంచున కూలబడింది. ఫ్యాక్టరీలో ఏమైందో చిట్టి ఒక్కొక్క మాటే చెప్పింది. ఎవరూ ఏమీ అనలేదట. ఆ మధ్యాహ్నమే కంప్యూటరు దగ్గర్నించి లేపి గుండీలు లెక్కచూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. గేటు దగ్గర సంచీ విప్పి చూపించమన్నారు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ. అన్నం తినడానికి బయటికి వచ్చినా సరే. మిగతా వాళ్ళు నడిచి వెళ్ళిపోతుంటే తనొక్కతే పక్కకి నిలబడి జిప్పు తీయాలి. వాళ్ళు చూసీ చూడనట్టు చూసేవాళ్ళు. పడలేక తనే మానేసింది.

వదిన అక్కడే మేనేజరుకి ఫోను చేసింది. "నేను తప్పు చెప్పానండీ. ఫైళ్ళు మా దగ్గరే ఉన్నాయి. అది ఏ పాపం ఎరుగదు. దాన్ని మళ్ళీ పిలవండి."

"అయ్యో, మేమేం తీసెయ్యలేదమ్మా, ఆవిడే మానేసింది" అన్నాడతను మర్యాదగా. "ఆ చోట్లోకి వేరే మనిషిని తీసుకున్నాం. అయినా ఒకసారి మాట వచ్చాక మాకెందుకు చెప్పండి లేనిపోని గొడవ."

ఫోను ఒళ్ళో పెట్టుకుని వదిన ఏడ్చింది. చిట్టి మంచినీళ్ళు ఇచ్చింది. వదిన తాగకుండా గ్లాసు పట్టుకునే, "రావే, మన షాపుకొచ్చెయ్. నీ దిండు కూడా అలాగే ఉంది" అంది.

చిట్టి చీరల దొంతర ఎత్తి సంచీలో సర్దింది. కోపంగా ఉంటే బాగుండేది, లేదు. "వస్తే ఏదో ఒకరోజు ఏదో ఒకటి కనపడదు వదినా. కత్తెరో, దారపు ఉండో. నువ్వు నా సంచీ వంక చూడవు, నాకు తెలుసు. కానీ చూస్తున్నావేమోనని నేను చూస్తాను. అలా ఎన్నాళ్ళుంటాం?"

ఇంకో ఊళ్ళో తెలిసినావిడ కుట్టుపని కేంద్రం పెట్టి, పనికి రమ్మందట. మర్నాడు మధ్యాహ్నం బస్సు. అన్నయ్యకి చెప్పిందట, వదినకి తనే చెప్తానందట.

మర్నాడు కోట్ల పని జోరుగా సాగింది. చిట్టి పావురం దారం ఒక్కసారైనా తెగకుండా దిగింది. రెమ్మ, రెక్క, తోక, చివరికి కన్ను. భర్త ఒక్కొక్క కోటూ అందుకుని కొసలు కత్తిరిస్తున్నాడు. ప్రతి జేబు మీదనుంచీ ఆ కన్ను తన వంకే చూస్తున్నట్టుంటే వదిన కోట్లని బోర్లా పేర్చింది.

బస్సు వేళకి చిట్టి వచ్చింది, షాపు తాళంచెవి ఇవ్వడానికి. దాన్ని కౌంటరు మీద పెట్టి, అన్నయ్యని మందులు మానొద్దంది. మిషనుకి నూనె వేసి చాలా రోజులైనట్టుంది, చప్పుడు మారిందంది. కుట్టిన కోటు ఒకటి తిప్పి చూసి, "బాగా వచ్చింది" అంది. వదిన అన్నిటికీ తల ఊపింది.

"సరే మరి" అంటూ చిట్టి నేల మీది సంచీ ఎత్తి కౌంటరు మీద పెట్టింది. పెట్టి, జిప్పు ఈ చివర్నించి ఆ చివరిదాకా లాగి, రెండు అంచులూ పట్టుకుని విప్పి నిలబడింది. మడత పెట్టిన చీరలు, దువ్వెన, చిన్న కత్తెర, గుడ్డలో చుట్టిన చెప్పుల జత.

ఎవరూ అడగలేదు. ఆమె చూపిద్దామనీ అనుకోలేదు. గేటు దగ్గర నేర్చుకున్న చెయ్యి తన పని తను చేసుకుపోయింది. అలాంటివి నేర్చుకోవడానికి ఏళ్ళు అక్కర్లేదు.

చిట్టి తన చేతుల వంక చూసుకుంది. మొహం ఎర్రబడింది. "అలవాటైపోయింది" అంది చిన్నగా, జిప్పు మూసేస్తూ. అది మధ్యలో బట్టకి చిక్కుకుంది. వదిన సాయం చేయబోయి, చెయ్యి చాచి, ఆ సంచీని తాకలేక వెనక్కి తీసుకుంది. భర్త గోడవైపు తిరిగి ఇస్త్రీపెట్టె ఎత్తాడు. దాని వైరు ప్లగ్గులో పెట్టి లేదు.

చిట్టి గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది. పై మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది, రోజూ లోపల్నించి వచ్చే ఆ మాట కోసం ఆగినట్టు.

వదిన నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదే మాట మొన్న మేనేజరు చెవిలో తేనెలో ముంచి వేసింది. ఇప్పుడు దాన్ని ఏ గొంతుతో అనాలో ఆమెకి తెలియలేదు.

చిట్టి ఇంకాసేపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.